పర్దా గోడ రాళ్లు

సూర్యాపేట, 1949 జనవరి 9

గోడ పోయింది. వీధి తలుపు తీయగానే లోపలి ఆడవాళ్లు కనబడకుండా ఎదురుగా అడ్డం నిలబడే పర్దా గోడ — పొద్దుగూకేలోపే ఆయన పడగొట్టించేశారు. "వాకిట్ల నిలబడితే పెరటి తలుపు కనబడాలె. లక్ష్మికి ఎవరన్న అడ్డం పెడ్తరా?" కిరాయికి దిగిన రోజు నుంచీ అత్తది ఇదే మాట. అత్త ఒక్కతే కాదు... నాకూ వెలుతురు కావాలనిపించింది.

పోలీసు యాక్షన్ అయినంక ఇంటామె హలీమా బీ మిర్యాలగూడలో కూతురింటికి పోతూ తాళం నా చేతిలో పెట్టింది. "జర పైలంగ సూస్కో బిడ్డా. గడబడ తగ్గినంక మళ్లొస్తం." ఇక వాళ్లేం వస్తారులే అనుకున్నాం.

జనవరి 12

ఆ రాళ్లతోనే పెరట్లో తులసి గద్దె కట్టించారు. అత్తకు సంబరం.

జనవరి 20

ఊరు చూద్దామని బయలుదేరాను. తుంగతుర్తి విడిచి వచ్చాక బజారు, బావి తప్ప చూసింది లేదు. మా గల్లీలోనే ఎన్ని ఇళ్లు... కమాను కింద చెక్కుడు తలుపులు, గోడల్లో దీపం గూళ్లు. చాలావాటికి తాళాలు. ఒక గడపకు కొత్త పసుపు — మావంటి పల్లెవాళ్లే చేరారు. ఇంకో ఇంటి దివాన్‌ఖానాలో ఎవరివో బర్రెలు.

తెరిచి ఉన్న ప్రతి తలుపులోంచీ తొంగిచూశాను. అన్నిట్లోనూ ఆ గోడ ఉంది. బర్రెలు కట్టుకున్నవాళ్లు కూడా దాని జోలికి పోలేదు.

ఫిబ్రవరి 3

వచ్చింది. హలీమా బీ, వెనక బురఖాలో కోడలు. ఎడ్లబండి నిండా పెట్టెలు.

"గోడ ఏడబోయింది బేటీ?"

బండివాడు పెట్టెలు దించుతున్నాడు, తలుపు వేయడానికి లేదు. కోడలికి దాహం. ముసుగు ఎట్లా తీస్తుంది? ఆరేసిన చీర లాక్కొచ్చి ఒక కొస అత్తకు అందించాను. పట్టుకోలేదు. స్తంభానికి కట్టి, రెండో కొస నేనే పట్టుకుని నిలబడ్డాను. చీర చాటున ఆ పిల్ల నీళ్లు తాగింది. పల్చటి చీర... వీధి కనబడుతూనే ఉంది.

"మీరూ ఉండున్రి, ముందటి అర్రలు మాకు సాలనుకున్న," అంది హలీమా బీ. "గోడ లేనింట్ల కోడలుండది బిడ్డా. కట్టినంక కబురంపు. కోదాడల మా తమ్మునింట్ల ఉంటం."

పెట్టెలు మళ్లీ బండెక్కాయి. తల కొట్టేసినట్టయింది.

ఫిబ్రవరి 4

గోడ కట్టిద్దామన్నాను. "రాళ్లేవి?" అన్నారు ఆయన. కొత్తవి తెద్దామంటే — "కిరాయింటికి మనమెందుకు తెస్తం?" పాతవైతే గద్దెలో ఉన్నాయి. అత్త ఒకటే మాట — "గద్దె మీద చెయ్యేస్తే నేనీ ఇంట్ల ముద్ద ముట్ట."

ఫిబ్రవరి 9

గోడ ఉన్నచోట చీర నేను కడతాను. అత్త తీసేస్తుంది.

ఫిబ్రవరి 15

తులసికి నీళ్లు పోస్తుంటే రాళ్ల మీది పాత సున్నం బయటపడుతోంది. చుట్టూ తిరగబుద్ధి కాలేదు. సిగ్గు. ఇంట్లో నాకొక్కదానికేనా ఇది...

ఆయన రేపు కోదాడ పోతున్నారట. "హలీమా బీకి ఏమన్న జెప్పాల్నా?"

ఏం లేదన్నాను.