పొట్టేలును ఎంచింది నేను కాదు

మడకశిర,
12-6-1984

ప్రొఫెసరు గారికి నమస్కారం.

జీవశాస్త్ర చరిత్ర, తత్వం గురించి వచ్చే మీ పత్రిక ఎప్పుడో అందింది. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి హైస్కూలు అయ్యవారు చదివి చెప్పారు. ఫోటోలో నాకన్నా పొట్టేలే బాగుంది.

మందకు పొట్టేలును ఎట్లా ఎంచుతారని మా ఇంటికి వచ్చిన రోజు మీరు అడిగారు. కరువులో కూడా పిల్లకు పాలు తగ్గించని గొర్రెను గుర్తుపెట్టుకుని, దాని కొడుకునే ఉంచుకుంటామని నేను చెప్పాను. మీరు దాన్ని నా ఆలోచన అని అచ్చు వేశారు. అది నాది కాదు సార్. కొత్తవాళ్లు అడిగితే మగవాడే జవాబు చెప్పడం మా ఇంటి పద్ధతి. నా భార్య నల్లమ్మ తలుపు వెనక శెనక్కాయలు వలుస్తూ చెబుతుంటే, దాన్నే నేను గట్టిగా అన్నాను, అంతే.

అయ్యవారు చదివింది విని ఆమె నవ్వింది. "పోనీలే మామా, నాకు పేరెందుకు? గొర్రెలేమన్నా చదువుతాయా?" అంది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నా మొదటి ఉత్తరానికి, పేరులో పెద్ద తేడా ఏముందని మీరు రాశారు. రెండోదానికి జవాబే లేదు. ఇది మూడోది. తప్పులు దిద్దడానికి పత్రికలో చోటు ఉంటుందట. అక్కడ నల్లమ్మ పేరు వెయ్యండి. వేసేదాకా రాస్తూనే ఉంటాను, పోస్టుమాస్టరుకు కూడా పని ఉండాలి కదా.

వచ్చే నెల మీ శిష్యులు వస్తామన్నారు. ఆమె పేరున్న పత్రిక తెచ్చి ఆమె చేతికే ఇవ్వమనండి. నాకు తెలిసిందంతా మీరు అచ్చు వేసేశారు. మిగిలిందంతా ఆమె దగ్గరే ఉంది.

ఇట్లు,
నల్లమ్మ భర్త