చామంతి పిలకలు

అమ్మాయీ,

ఇక్కడ అందరం కులాసా. నర్సు శిక్షణ మధ్యలో మానేసి వచ్చేస్తానని రాశావు. ఆ మాట ఇంకోసారి రాయకు. ఇల్లు నేను చూసుకుంటున్నాను, నీ చామంతులతో సహా.

పూలు అయిపోయాక అవి నిలువునా ఎండిపోయాయి. మొన్న మీ మామయ్య గునపం పట్టుకుని, అవి పీకేసి వంగ నాటుతానని బయల్దేరారు. నేను అడ్డం నిలబడ్డాను. "ఎండు పుల్లల కోసం నాతో తగువా?" అన్నారు. మొక్క మొదట్లో మట్టిని వేలితో తీసి చూపించాను. బియ్యపు గింజంత తెల్లటి పిలక! ఆయన గునపం పక్కన పడేశారు. ఎండు కొమ్మలన్నీ తనే కత్తిరించి పాదు చేశారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే పిలకలు లెక్కపెట్టి వచ్చి మరీ చెబుతున్నారు. నిన్నటికి పదకొండు.

నీళ్ళు రోజూ పొయ్యాలా, రోజు విడిచి రోజా? పిలకలు విడదీసి నాటేది ఎప్పుడు? నా మనవరాలి బడి యూనిఫాం రెండో జత ఎక్కడ పెట్టావు? నీ దగ్గు తగ్గిందా? హాస్టల్లో వేళకు తిను.

నిజం చెప్పనా, నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో "ఈ పిల్లకు ఇదేం మట్టి పిచ్చి" అనుకున్నాను. ఇప్పుడు నా గోళ్ళ నిండా మట్టే. పరీక్ష బాగా రాయి తల్లీ. నర్సమ్మవయ్యాకే మన గుమ్మంలో అడుగు పెట్టు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య