అన్న రివాల్వర్

దసరా రాత్రి, 1976

పొద్దున తుపాకులు కాల్చడం నేర్పే రేంజ్‌లో అన్న తన పాత రివాల్వర్‌ను మొదటిసారి నా చేత కాల్పించాడు. మణికట్టు అదిరిపోయింది, బొటనవేలి మొదట్లో తోలు లేచింది.

“గింత నొప్పి పెట్టేదాన్ని ఎందుకుంచుకున్నవ్ అన్నా?” అన్నాను.

“దీన్ని కాల్చబుద్ధి కాదు తమ్మీ. గందుకే ఉంచుకున్న.”

నిజమే. మా గల్లీలో లొల్లి లేచి, మేం పాలు అమ్ముకునే క్యాన్లు జనం పగలగొట్టిన రోజు కూడా, అంత కోపిష్టి మనిషి దాన్ని బయటికి తియ్యలేదు.

సాయంత్రం ఆయుధ పూజకు నూనె గుడ్డతో తుడిచి క్యాన్ల పక్కన పెట్టాం. బొట్టు పెట్టాక ఎంత నిండుగా ఉందో! తన తర్వాత లైసెన్సు నన్ను తీసుకోమంటున్నాడు. నాకు ఆయనంత నిగ్రహం లేదు. కలం పట్టుకుంటే వాచిన చెయ్యి సలుపుతోంది.

కాలిస్తే ఎంత నొప్పో మరిచిపోకముందే, ఈ వాపు తగ్గకముందే సరే అనాలి.