ఏసేపు డప్పు

మానవపాడు, ఆదివారం

సవారమ్మకు సాయన్న రాసేది. నేను బాగనే ఉన్న, గోలీలు ఏసుకుంటున్న. ఫోన్ల ఇదంత చెప్పరాదు, అందుకే కార్డు రాస్తున్న.

మన పెండ్లిల డప్పు కొట్టిన ఏసేపు సంతాప సభ నిన్న అయింది. ఆయన డప్పంటే పానమిచ్చేటోళ్లు శాన మంది వచ్చిన్రు. డప్పుకు పూలదండేసి ఫోటో ముంగట పెట్టిన్రు. ఇంక దాన్ని ఎవ్వరు ముట్టొద్దు, అద్దాల పెట్టెల పెడ్తమన్నరు. నాకు మండింది. "మంటకు కాపి కొట్టకుంటె తోలు సస్తది. ఆయనొక్కడు సచ్చింది సాలదా?" అన్న. దండ తీసి, చొప్ప మంట మీద కాపి, ఆయన బిడ్డ రూతమ్మ చేతుల పెట్టిన.

"నాకు చేతులాడుతలేవు పెదనాయినా" అన్నది.

"అయి మీ నాయిన చేతులే, కొట్టు" అన్న.

కొట్టింది. అందరు ఏడ్సిన్రు. నాకు పొగకు నీళ్లొచ్చినయ్.

బర్రె ఈనిందా? దూడను సలిల కట్టెయ్యకు. బుధవారం బస్సుకు వస్త.

నా సావుకు తనే డప్పు కొడ్తనని మాటిచ్చిన ఏసేపు నాకంటె ముందే పోయిండు. ఇప్పుడు రూతమ్మ వచ్చి కొడ్తనన్నది, నువ్వేం పరేషాన్ గాకు. ఆమె ఫోన్ నంబరు కార్డు అంచుకు రాసిన. కొడుకుతోని గోడ మీద రాపిచ్చిపెట్టు. పిల్లలు, నువ్వు సల్లగుండాలె.