కనుమ మీది తెల్లరాయి

గఢ్వాల్.

నీలాంజనా దీదీకి నమస్తే.

ఆశ్వయుజంలో మళ్లీ మా కనుమ ఎక్కుతామని రాశారు, సంతోషం. వానలు వెలిశాక పై బయళ్లలో గడ్డి బంగారు రంగు తిరుగుతుంది. గుడారాలు, కంచరగాడిదలు నేను చూసుకుంటాను.

ఒక్క మాట. నిరుడు కనుమ మీది రాళ్ల కుప్పలోంచి తీసుకెళ్లి బల్ల మీద పెట్టుకున్నానన్న తెల్లరాయి వెంట తెండి. ఆ కుప్పలో ఒక్కో రాయీ మంచులో పోయిన మా ఊరివాళ్లలో ఒక్కొక్కరిది. వాళ్ల గడప దగ్గరి రాయినే మోసుకెళ్లి అక్కడ పెడతాం. మీ దగ్గరున్నది మా అన్న దిలబర్‌ది. తప్పు మీది కాదు, ముందే చెప్పని నాది.

మోకాళ్లు పట్టేసి కొండెక్కలేని అమ్మ, నేను దిగొచ్చినప్పుడల్లా అడుగుతుంది: "అన్న అక్కడే ఉన్నాడారా? కళ్లారా చూశావా?"

"ఉన్నాడమ్మా" అంటున్నాను.

మంచుకు దారి మూసుకుపోకముందే రండి. రాలేకపోతే పార్సిలులో మాత్రం పంపకండి. నేనే వచ్చి అన్నను తీసుకెళ్తాను.