కరుణ కప్పిన శాలువా

సుగుణక్కా, నువ్వు అబద్ధం చెప్పి చచ్చిపోయావు.

నీ బిడ్డ కరుణ నీ చర్చి రాగంతో కట్టిన పాటల తొలి సోల్ ఆల్బమ్ పెద్ద హిట్టు. వరంగల్ ఆటోల్లో అదే మోగుతోంది. నిన్న హనుమకొండ సన్మాన సభలో అందరి ముందూ అన్నది: "మా అమ్మకు ఫస్ట్ మైకిచ్చింది ఈ మామనే. సచ్చేదాక గదే చెప్పింది."

ఇచ్చానా? నువ్వెత్తుకున్న చర్చి రాగం ప్రజల పాట కాదని వాదించి, ఆ రోజుల్లో మన ప్రజాపాటల బృందం సభలో నీ చేతిలోని మైకు లాక్కున్నాను. కరుణను గెలిపించింది ఆ రాగమే.

"ఎవ్వలకు వంగనోనివి, నాకు జర వంగు మామా" అంటూ శాలువా కప్పింది. వంగాను. నోరు విప్పలేదు.

కరపత్రాలు రాసినవాణ్ణి కదా, నా డిమాండ్లు ఇవి:

కరుణకు నేనే నిజం చెప్పాలి.
నలుగురిలో, మైకులో చెప్పాలి.
శాలువా తిరిగిచ్చెయ్యాలి.
నువ్వు మళ్లీ నన్ను వెనకేసుకు రాకూడదు.