సాదుకునేటోళ్ళు రాండ్రి

జనగామ,
2011, బతుకమ్మ పండుగ రోజులు.

బావకు నీ విమల నమస్కారాలు.

ఇక్కడ నేను, అత్తమ్మ, నువ్వు వాకిట్లో నాటిపోయిన కరివేపాకు చెట్టు, అందరం క్షేమం. అక్కడ సరిహద్దులో నువ్వు, నువ్వు కావలి కాసే మంచుకొండ, నేను పంపిన ఉన్ని టోపీ కూడా క్షేమంగా ఉండాలని మొక్కుకుంటున్నాను.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. అమ్మ మోకాలు ఎట్లా ఉంది, బస్టాండు కాడ మన చాయ్ హోటల్ నడుస్తోందా, హన్మకొండ దవాఖానలో నా రిపోర్టు చూసి డాక్టరమ్మ ఏమన్నది అని. మొదటి రెండింటికీ ఇప్పుడే చెప్తాను. మూడోదానికి జర ఓపిక పట్టు. ఉత్తరం తిరగేసి ముందే చివర చదవకు, నీ అలవాటు నాకు తెలుసు.

అత్తమ్మ మోకాలు బాగుంది. బతుకమ్మ ఆడేటప్పుడు అసలు నొప్పే లేదట. బిందె ఎత్తమంటేనే వస్తోంది.

హోటల్ మూసే ఉంది. సకల జనుల సమ్మె మొదలైన కాడి నుంచి బస్సులు కదలడం లేదు. బస్సు లేని బస్టాండులో చాయ్ ఎవరు తాగుతారు? "తెలంగాణ వచ్చినంక తాగుతర్లే తియ్యి" అంటుంది అత్తమ్మ. జనగామ ఇంత నెమ్మదిగా ఉండగా నేనెన్నడూ చూడలేదు బావా. హైదరాబాదు రోడ్డు నడుమనే సమ్మె జనం పొయ్యిలు పెట్టి వండుకు తింటున్నారు. సాయంత్రమైతే అదే రోడ్డు మీద ఆడవాళ్ళం బతుకమ్మలు పెట్టి ఆడుతున్నాం. గాలి వీస్తే తంగేడు రేకులు డిపోలోకి ఎగిరిపోయి, ఆగి ఉన్న బస్సుల మెట్ల మీద పడతాయి. ఆ రేకుల మీద పిల్లులు పడుకుంటాయి.

అవును, పిల్లులు. బస్టాండులో జనం పారేసిన తిండి తిని బతికేవి, జనం లేకపోయేసరికి ఆకలితో డిపోలోకి చేరాయి. డిపో కావలి కాసే రాజలింగు మామ గేటు తీస్తే, నేను రోజూ పాలన్నం తీసుకుపోతున్నాను. నువ్వు చూడాల్సింది! కిటికీకొకటి తల ఆనించుకుని నిద్ర. డ్రైవర్ సీట్లో ఒక నల్లది, మనుషుల మాదిరి వెల్లకిలా. దేవరుప్పుల బస్సులో వెనక సీటు కింద ఒకటి ఈని, ఏమైందో ఏమో, మళ్ళీ రానేలేదు. కళ్ళు తెరవని పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఏడుస్తుంటే, దూదిని పాలల్లో ముంచి నోట్లో పెట్టాను.

సమ్మె విరమిస్తే ఏ పూట బస్సులు తీస్తారో తెలియదు. తీసిననాడు వీటిలో సగం చక్రాల కిందే. అందుకని ఇండ్లు వెతకడం మొదలుపెట్టాను. నవ్వకు. ఊళ్ళో కూడా అందరూ నవ్వారు.

ఎవరినీ దగ్గరికి రానివ్వని మొండివాటిని ఎండుచేప ఎరవేసి గంప కింద పట్టి, ఎలుకలున్న చోటికి పంపాను. రెండు గండుపిల్లులు రైసుమిల్లుకు పోయాయి, ఒకటి పత్తి గోదాముకు. నా చేతులు చూస్తే ముళ్ళకంపలో పడి లేచానంటావు. మచ్చికైనవాటికి మాత్రం గడప గడపా తిరిగి, "సాదుకుంటరా?" అని అడిగాను. పిల్లి ఎదురొస్తేనే నాలుగడుగులు వెనక్కి వేసే జనం, ఇంట్లోకి తెచ్చుకుంటారా! అయినా కొందరు తెచ్చుకున్నారు. అత్తమ్మ వెంట వచ్చి, సంచిలో తెచ్చిన పిల్లిని ఆ ఇంటి పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పి, కాళ్ళకు నెయ్యి రాసేది. అది నాక్కుంటూ నాక్కుంటూ ఆ ఇంటిదైపోతుందట. నిజమేనేమో, ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో ఒక కల వచ్చింది. దేవరుప్పుల బస్సు పోతోంది. డ్రైవర్ లేడు, చప్పుడు లేదు, రోడ్డంతా తంగేడు పూలు. సీటుకొక పిల్లి. ఊరు వచ్చినప్పుడల్లా ఒకటి దిగి, తోక పైకెత్తి, ఎవరింట్లోకో నడిచిపోతోంది. చివరికి బస్సులో నేనొక్కదాన్నే మిగిలాను. నేను దిగాల్సిన ఊరు రాలేదు.

ఇక రాజలింగు మామ చేసిన ఘనకార్యం విను. ఆయన చేతికి మైకు వస్తే వదలడని నీకు తెలుసు కదా. నా కష్టం చూడలేక, దీక్ష టెంటులో నినాదాల నడుమ ఇట్లా చెప్పాడు: "అన్నలారా, అక్కలారా! మన విమల కాడున్న తల్లిలేని పిల్లలను సాదుకునేటోళ్ళు డిపో కాడికి రాండ్రి!" పిల్లి పిల్లలు అనాల్సింది పోయి, ఉత్త పిల్లలు అన్నాడు.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పెద్దవంగర దాకా పోయింది. రెండు రోజులకు ఆ దిక్కు తండా నుంచి మొగుడూ పెళ్ళాలు టీవీఎస్ బండి మీద వచ్చారు. ఆయన పేరు హీర్యా, ఆమె రుక్కి. ఇద్దరూ కొత్త బట్టలు కట్టుకున్నారు. తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకున్నారు. రుక్కి ఒళ్ళో చిన్న మూట.

"పిల్ల ఏడున్నదక్కా?" అంది.

నేను సంబరంగా బస్సులోకి తీసుకుపోయి, అప్పుడే కళ్ళు తెరిచిన బూడిదరంగు కూనను తీసి ఆమె చేతిలో పెట్టాను.

రుక్కి దాన్నే చూస్తూ నిలబడింది. హీర్యా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "గిదేందక్కా... మేము ఎవరో ఇడిసిపెట్టిన ఆడిపిల్ల అనుకున్నం" అంది, వినపడీ వినపడని గొంతుతో. చేతిలోంచి మూట జారి విప్పుకుంది. అందులో చిన్న పిల్లలకు పెట్టే టోపీ, అద్దాలు కుట్టి, అంచుకు గజ్జెలు పెట్టినది. ఆమె స్వయంగా కుట్టిందట. ఎన్నేళ్ళ కింద కుట్టిందో నేను అడగలేదు.

బావా, నాకు అప్పటికప్పుడు చచ్చిపోవాలనిపించింది. రాజలింగు మామను నాలుగు తిట్టాలనిపించింది. ఏదీ చేతకాక బస్సు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వింత చూడు, ఆమె వచ్చి నన్ను ఓదార్చింది.

"నువ్వెందుకేడుస్తున్నవ్? నీకు పిల్లలెందరు?"

"లేరు. ఇగ పుట్టరని డాక్టరమ్మ చెప్పింది."

అదీ బావా, నువ్వు అడిగిన మూడో సంగతి. రిపోర్టు వచ్చి చాలా రోజులైంది. నీలో ఏ లోపమూ లేదు, నా కడుపే పండదట. నెలకొకసారి నీకు ఫోన్ దొరికితే, వెనక నీ తోటివాళ్ళు వరుసలో నిలబడి ఉంటారు. ఆ మాట ఎట్లా చెప్పను? నీకు చెప్పలేనిది ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేశాను. కోపం తెచ్చుకోకు.

రుక్కి నా పక్కనే కూర్చుంది. కూన ఆమె కొంగులో దూరి గుర్రుగుర్రుమంటోంది. "మా యాడి నన్ను కనలేదక్కా, సాదింది. నాకేం తక్కువైంది? అమ్మ అంటె ఆమెనే యాదికొస్తది" అంది. తర్వాత నా ముఖంలోకి చూసి, "ఊరోళ్ళందరిని సాదుకుంటరా అని అడుగుతున్నవ్. నిన్నెవరు అడగలేదా?" అంది.

నేను వంగి, కింద పడ్డ టోపీని తీసి, దుమ్ము దులిపి ఆమె ఒళ్ళో పెట్టాను.

"పోదాం పా" అన్నాడు హీర్యా. రుక్కి లేచింది కానీ కూనను కిందికి దించలేదు. "దీన్ని గూడ తల్లి ఇడిసిపెట్టె. ఇంత దూరమొచ్చి ఉత్తచేతుల్తోని పోతమా?" అని కొంగుతో దాన్ని గుండెకు కట్టుకుంది. హీర్యా కూనకు గాలి తగలకుండా తన తువ్వాల తీసి ఇచ్చాడు. బండి ఎక్కబోతూ రుక్కి టోపీని నా చేతిలో పెట్టింది. "దీనికి గజ్జెలెందుకు, ఎలుకలు పారిపోతయ్. నీ కాడనే ఉండనియ్" అని నవ్వింది.

వాళ్ళు ఖాళీ రోడ్డు మీద చిన్నగా అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.

అప్పటినుంచి ఆమె అన్న మాట నా వెంటే తిరుగుతోంది. వరంగల్‌లో శిశుగృహం ఉందట, దరఖాస్తు పెట్టుకుని మన వంతు వచ్చేదాకా ఆగాలట. కానీ భార్యాభర్తలిద్దరికీ ఇష్టముండాలి కదా. మిల్లుల్లో, గోదాముల్లో, ముఖాన తలుపులు వేసిన ఇండ్లల్లో కూడా అడిగిన మాట నిన్నొక్కణ్ణే అడగలేదు బావా. ఇప్పుడు అడుగుతున్నాను. మనం ఒక బిడ్డను సాదుకుందామా?

వద్దంటే నాకు బాధ లేదని రాయలేను. ఉంటుంది. ఏడుస్తాను కూడా. అయినా నీ మనసులో ఉన్నదే రాయి.

అత్తమ్మకు నేనింకా ఏమీ చెప్పలేదు. టోపీని నీ ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచాను. ఒక గజ్జె ఊడిపోయి దారానికి వేలాడుతుండేది. ఇవాళ పొద్దున తీసి చూస్తే, అది ఎర్రదారంతో గట్టిగా కుట్టి ఉంది. మన ఇంట్లో ఎర్రదారం అత్తమ్మ డబ్బాలోనే ఉంటుంది.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే నీ మేనమామ బిడ్డ,
విమల